కీటకాహార మొక్కల పెంపకం (శ్రీకాకుళం తీరప్రాంతం)

కీటకాలను పట్టి, వాటిని జీర్ణించుకొని, అందులోని పోషకాలను ఆకుల ద్వారా గ్రహించే మొక్కలను కీటకాహార మొక్కలు లేదా మాంసాహార మొక్కలు అంటారు. పాఠశాల పుస్తకాలలో నెపంథిస్, డ్రాసిరా, యుట్రిక్యులేరియా, డయోనియా అను పేర్లతో ఇవి విద్యార్థులకు సుపరిచితములు. కొంతకాలంగా వీటిని ఇళ్ళలో కుండీలలో పెంచుకొనుట కూడా వ్యాప్తిలోనికి వచ్చింది. తెప్పించుకున్న మొక్క కొద్ది నెలలకే వాడిపోవడం చాలామందికి ఎదురయ్యే అనుభవం. ఇందుకు కారణం ఎక్కువగా అశ్రద్ధ కాదు, అతిశ్రద్ధ. ఎరువు వేయడం, బావినీరు పోయడం, మాంసం ముక్కలు తినిపించడం వంటివి ఈ మొక్కలకు ప్రాణాంతకాలు. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాలలో ఈ మొక్కలను పెంచేటప్పుడు సాధారణంగా తలెత్తే సమస్యలు, వాటి కారణాలు, నివారణ మార్గాలు ఈ వ్యాసంలో వివరించబడినాయి.

కీటకాలను పట్టుటకు కారణం

కీటకాహార మొక్కలు కూడా ఇతర మొక్కల వలెనే సూర్యరశ్మి సహాయంతో కిరణజన్య సంయోగక్రియ జరిపి తమ పిండిపదార్థాన్ని తామే తయారు చేసుకుంటాయి. కీటకం వీటికి అన్నం కాదు, ఎరువు మాత్రమే. నత్రజని, భాస్వరం చాలా తక్కువగా ఉండే బురద నేలలు, ఇసుక నేలలు వీటి సహజ ఆవాసాలు. అటువంటి నేలలో వేళ్ళ ద్వారా దొరకని నత్రజనిని ఇవి కీటకాల నుండి సంపాదించుకుంటాయి. ఛార్లెస్ డార్విన్ 1875లో ఈ మొక్కలపై ఒక ప్రత్యేక గ్రంథాన్ని ప్రచురించి, వాటి ఆకులు మాంసకృత్తులను జీర్ణించుకొనగలవని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు.

ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే పెంపకంలోని సమస్యలలో అధికభాగం అర్థమవుతాయి. వేల తరాలుగా పేద నేలలో బ్రతికిన ఈ మొక్కల వేళ్ళు లవణాలను తట్టుకొనలేవు. బంతికి, మందారానికి బలాన్నిచ్చే పశువుల ఎరువు, యూరియా, వర్మీకంపోస్టు వీటి వేళ్ళను మాడ్చివేస్తాయి. అందువలన ఈ మొక్కకు కావలసినవి సారంలేని మట్టి, లవణాలు లేని నీరు, పుష్కలమైన వెలుతురు.

జిల్లాలో సహజంగా పెరిగే రకాలు

భారతదేశంలో కీటకాహార మొక్కలు డ్రోసెరేసి, నెపంథేసి, లెంటిబ్యులేరియేసి అను మూడు కుటుంబాలకు చెందినవి. వీటిలో నెపంథిస్ ఖాసియానా మేఘాలయ ప్రాంతానికి పరిమితం. మిగిలిన రెండు కుటుంబాల మొక్కలు ఆంధ్రప్రదేశ్ కోస్తా జిల్లాలలో కనిపిస్తాయి.

డ్రాసిరా బర్మాని నేలకు అంటుకొని రూపాయి బిళ్ళవలె గుండ్రంగా పరచుకొనే చిన్న మొక్క. దీని ఆకుల అంచులనున్న కేశాలు కీటకం తగిలిన కొద్ది సెకనులలోనే లోపలికి వంగుతాయి. డ్రాసిరా ఇండికా నిటారుగా, సన్నని పొడవాటి ఆకులతో పెరుగుతుంది. ఇవి వర్షాకాలం చివర తడి ఇసుక నేలలలోను, వరిమడుల అంచులలోను మొలిచి, చలికాలంలో పూచి, ఎండలు ముదిరేసరికి విత్తనాలు రాల్చి చనిపోతాయి. యుట్రిక్యులేరియా జాతి మొక్కలు చెరువులలోను, నీరు నిలిచే పల్లాలలోను పెరుగుతాయి. నీటిపైన చిన్న పసుపు పూలు, నీటిలో దారాల వంటి ఆకులు, ఆ ఆకులకు ఆవగింజలకన్న చిన్న తిత్తులు ఉంటాయి. నీటిపురుగు తగలగానే తిత్తి మూత తెరచుకొని సెకనులో వెయ్యోవంతు కన్న తక్కువ కాలంలో దానిని లోనికి పీల్చుకుంటుంది.

ప్రాంతపు వాతావరణం

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో వ్యాపించిన ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఇది ప్రసిద్ధి. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న నేలలు, సముద్రపు గాలి, ఏడాదిలో అధిక భాగం గాలిలో తేమ ఈ ప్రాంత లక్షణాలు. టెక్కలి, పలాస పట్టణాలు తీరానికి కొంత లోపలగా ఉండటం వలన వేసవిలో అక్కడ పడమటి వడగాలుల ప్రభావం ఎక్కువ. నైరుతి ఋతుపవనాలు జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాన్నిస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. తీరంలో చలికాలపు రాత్రులు చల్లగా ఉంటాయే గాని, గడ్డకట్టే చలి ఎన్నడూ ఉండదు.

ఈ వాతావరణాన్ని బట్టి ఇక్కడ పెంచదగిన మొక్కలను మూడు తరగతులుగా విభజించవచ్చు.
* సులభంగా పెరిగేవి: పల్లపు ప్రాంతాలకు చెందిన నెపంథిస్ రకాలు, వెంట్రాటా అను సంకరజాతి, ఉష్ణమండల డ్రాసిరాలు, నీటిలో పెరిగే యుట్రిక్యులేరియాలు.
* శ్రద్ధతో పెరిగేవి: వీనస్ ఫ్లైట్రాప్ అని పిలువబడే డయోనియా, అమెరికాకు చెందిన సర్రసీనియా.
* అనువుకానివి: కొండప్రాంతాల నెపంథిస్ రకాలు. వీటికి రాత్రివేళ చల్లదనం తప్పనిసరి. తీరప్రాంతపు వేసవి రాత్రులను ఇవి తట్టుకొనలేవు.

నీటికి సంబంధించిన సమస్యలు

ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండటం, మట్టిపైన తెల్లని పొర ఏర్పడటం, కొత్త ఆకులు క్రమంగా చిన్నవగుట నీటిలోని లవణాలు పేరుకొన్నాయనుటకు గుర్తులు. నీటిలో కరిగిన మొత్తం లవణాల పరిమాణాన్ని టీడీఎస్ అంటారు. కీటకాహార మొక్కలకు లీటరు నీటిలో ఇది 50 మిల్లీగ్రాములకు మించకుండా ఉండటం మంచిది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి వాంఛనీయ పరిమితిగా నిర్ణయించినది లీటరుకు 500 మిల్లీగ్రాములు. అనగా మనుషులు నిశ్చింతగా త్రాగదగిన నీరు కూడా ఈ మొక్కలకు హాని చేయగలదు. బోరునీరు, బావినీరు, కుళాయినీరు వాడేముందు టీడీఎస్ మీటరుతో కొలచి చూడటం ఉత్తమం. చేతిలో ఇమిడే ఈ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది.

వాడదగిన నీటిలో మొదటిది వాననీరు. దానిని పట్టేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించాలి.
* తొలకరి జల్లులు పైకప్పుపైని దుమ్మును, సముద్రపుగాలి తెచ్చిన ఉప్పును కడిగి తెస్తాయి. వాటిని విడిచిపెట్టి తరువాతి వానలలో నీరు పట్టాలి.
* సిమెంటు డాబా, సిమెంటు రేకుల మీదుగా వచ్చిన నీటిలో సున్నం కలిసే అవకాశం ఉంది. ఆరుబయట శుభ్రమైన ప్లాస్టిక్ పట్టా కట్టి పట్టిన నీరు మేలు.
* నిలవచేసిన డ్రమ్ములకు దోమలు దూరకుండా బిగుతైన మూత గాని, సన్నని వల గాని ఉండాలి.

రెండవది ఆర్.ఓ. నీరు. ఉద్దానం గ్రామాలలో ఆర్.ఓ. నీటి కేంద్రాలు విస్తారంగా ఉన్నాయి. అయితే కొన్ని కేంద్రాలలో రుచి కొరకు శుద్ధి అయిన నీటిలో తిరిగి కొంత లవణాలను కలుపుతారు. కనుక ఈ నీటిని కూడా కొలచి వాడాలి. ఆర్.ఓ. యంత్రం బయటకు వదిలే వ్యర్థజలంలో లవణాలు మరింత గాఢంగా ఉంటాయి గనుక దానిని ఎట్టి పరిస్థితులలోను ఈ మొక్కలకు పోయరాదు. బ్యాటరీల కొరకు అమ్మే స్వేదనజలం మూడవ మార్గం.

ఈ ప్రాంతంలో నీటి ప్రస్తావన వచ్చినప్పుడు ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి రెండు దశాబ్దాలకు పైగా అనేక కుటుంబాలను బాధిస్తున్నది. ఇందుకు ఏకైక కారణం ఏదీ ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. ఒక ఇంటి నీటితో కీటకాహార మొక్క చనిపోయినంత మాత్రాన ఆ నీరు మనుషులకు హానికరమని గాని, మొక్క బాగా పెరిగినంత మాత్రాన ఆ నీరు సురక్షితమని గాని భావించరాదు. మొక్కకు కావలసినది లవణాలు లేకపోవడం. తాగునీటికి సూక్ష్మక్రిములు, ఫ్లోరైడు, భారలోహాలు మొదలైన అనేక పరీక్షలు అవసరం. అవి ప్రయోగశాలలో చేయవలసినవి. అట్లే డబ్బు పెట్టి కొనుక్కునే తాగునీటిని కుండీలకు పోయుటకన్న, వానాకాలంలో నీరు పట్టి నిలవ చేసుకొనుట ఇంటికి, మొక్కకు కూడా మేలు.

మట్టికి సంబంధించిన సమస్యలు

ఎర్రమట్టి, తోటమట్టి, పశువుల ఎరువు కలిపిన నర్సరీ మిశ్రమం ఈ మొక్కలకు పనికిరావు. ప్రపంచవ్యాప్తంగా వాడే మిశ్రమం పీట్ మాస్, పెర్లైట్. నెపంథిస్‌కు స్ఫాగ్నం నాచు, బొగ్గుముక్కలు, బెరడుముక్కలు కలుపుతారు. స్ఫాగ్నం, పీట్ ఖరీదైనవి కావడం వలన చాలామంది కొబ్బరిపొట్టును వాడుతారు.

కొబ్బరిపొట్టు: కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు ఉద్దానంలో సులభంగా దొరుకుతుంది. కాని కొబ్బరి డొక్కలో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలు ఎక్కువ. డొక్కలను ఉప్పునీటి కయ్యలలో నానవేసినట్లయితే ఉప్పు మరింత పేరుకొంటుంది. కడగకుండా వాడిన కొబ్బరిపొట్టు మొక్కను కొద్ది వారాలలోనే చంపగలదు. దానిని శుద్ధి చేసే విధానం ఇది.
1. పొట్టును బకెట్‌లో వేసి మామూలు నీటితో నానబెట్టి, ఒకరోజు తరువాత గట్టిగా పిండాలి. నీటిరంగు తేలికపడే వరకు అనేకమార్లు ఇట్లు చేయాలి.
2. తరువాత వాననీటిలో గాని, ఆర్.ఓ. నీటిలో గాని నానబెట్టాలి.
3. మరునాడు పిండిన నీటి టీడీఎస్‌ను కొలవాలి. అది మనం పోసిన నీటి టీడీఎస్‌కు దగ్గరగా వచ్చేవరకు నీరు మార్చుతూ ఉండాలి.
సాధారణ ఉద్యానపంటల కొరకు పొట్టును కాల్షియం నైట్రేటుతో శుద్ధి చేస్తారు. అట్లు శుద్ధి చేసిన పొట్టు కీటకాహార మొక్కలకు తగదు.

ఇసుక: సముద్రపు ఇసుక పనికిరాదు. దానిలో ఉప్పుతో పాటు గుల్లల పొడి, అనగా సున్నం, ఉంటుంది. ఉప్పును కడిగి తీసివేయవచ్చును గాని సున్నాన్ని తీయలేము. బాహుదా, మహేంద్రతనయ, వంశధార వంటి నదుల ముతక ఇసుకను బాగా కడిగి వాడవచ్చు. ఇసుకలో సున్నం ఉన్నదీ లేనిదీ తెలుసుకొనుటకు దానిపై కొంచెం వెనిగర్ గాని నిమ్మరసం గాని వేసి చూడాలి. బుడగలు పొంగినచో సున్నం ఉన్నట్లు. ఇది విద్యార్థులు పాఠశాలలోనే చేయదగిన పరీక్ష.

జీడితొక్క: పలాస జీడిపప్పు పరిశ్రమలలో మిగిలే జీడిపిక్కల తొక్కను కుండీ అడుగున వేయరాదు. దానిలోని నూనె చర్మాన్ని కాల్చే గుణం గలది.

కుండీ: మట్టికుండీలు లవణాలను పీల్చుకొని తిరిగి మట్టిలోకి వదులుతాయి. సిమెంటు కుండీలు సున్నాన్ని వదులుతాయి. కనుక ప్లాస్టిక్ కుండీలే తగినవి. ఏడాదికో, రెండేళ్ళకో ఒకమారు మట్టి మార్చడం మంచిది.

వెలుతురు చాలకపోవుట

డ్రాసిరా ఆకులపై జిగురు బిందువులు లేకపోవడం, ఆకులు ఎరుపు తగ్గి పాలిపోయి పొడవుగా సాగడం, వీనస్ ఫ్లైట్రాప్ బోనులు లోపల ఎర్రబడకపోవడం వెలుతురు చాలదనుటకు గుర్తులు. గది మధ్యలోని బల్ల మీద ఇవి బ్రతకవు. డ్రాసిరా, డయోనియా, సర్రసీనియాలకు రోజుకు కనీసం నాలుగైదు గంటలు నేరుగా ఎండ తగలాలి. నెపంథిస్‌కు ఉదయపు ఎండ, మధ్యాహ్నం చెట్టునీడ సరిపోతుంది. కొబ్బరిచెట్ల నడుమ చెదురుగా పడే వెలుతురు దీనికి అనుకూలం.

పార్సిల్‌లో వచ్చిన మొక్కను ఆ రోజే మండుటెండలో పెట్టరాదు. మొదటి వారం నీడలో ఉంచి, ఆ తరువాత రోజుకు కొంతసేపు చొప్పున ఎండను అలవాటు చేయాలి. దారిలో చీకటిలో ఉన్నందువలన పాత బోనులు, కూజాలు ఎండిపోవడం సహజం. మొక్క కోలుకున్నదీ లేనిదీ కొత్తగా వచ్చే ఆకును బట్టి నిర్ణయించాలి గాని పాత ఆకులను బట్టి కాదు.

నెపంథిస్‌కు కూజాలు రాకపోవుట

నెపంథిస్ పెంచేవారిలో ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఇదే. ఆకులు పచ్చగా, పెద్దగా వస్తాయి, కొసలనున్న తీగలు మాత్రం కూజాలుగా మారక ఎండిపోతాయి. ఇందుకు కారణాలు నాలుగు.
* వెలుతురు తక్కువగుట. ఆకులు పెద్దవిగా, ముదురాకుపచ్చగా ఉన్నచో ఇదే కారణం కావచ్చు.
* గాలిలో తేమ తక్కువగుట. తీరగ్రామాలలో ఇది అరుదు. ఏ.సి. గదులలోను, పంకా క్రింద ఉంచినప్పుడు, టెక్కలి వంటి చోట్ల వడగాలులు వీచే రోజులలోను ఎక్కువ.
* ఎరువు పడుట. నేలనుండి నత్రజని దొరికినప్పుడు మొక్కకు కూజా కట్టవలసిన అవసరం తగ్గిపోతుంది. ప్రకృతి పొదుపునకు ఇది చక్కని ఉదాహరణ.
* మొక్కను తరచుగా చోటు మార్చుట, తీగలను చేతితో తాకుట.

కూజాలోని ద్రవాన్ని మురికినీరుగా భావించి పారబోయరాదు. అది మొక్క స్రవించిన జీర్ణరసం. ప్రయాణంలో ఒలికిపోయినచో కూజాలో నాలుగోవంతు వరకు స్వచ్ఛమైన నీరు పోస్తే చాలు. నెపంథిస్ మట్టి ఎల్లప్పుడు తడిగా ఉండాలి గాని, కుండీ నీటిలో నిలిచి ఉండరాదు. డ్రాసిరా, డయోనియా కుండీలను మాత్రం పళ్ళెంలో సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల లోతు నీటిలో ఉంచవచ్చు.

బోనులు నల్లబడుట, ఆహారపు సమస్యలు

వీనస్ ఫ్లైట్రాప్ బోను లోపలి కేశాలను ఇరవై సెకనుల లోపు రెండుమార్లు తాకినప్పుడు అది మూసుకొంటుంది. ప్రతి బోను తన జీవితకాలంలో కొన్ని మార్లు మాత్రమే పనిచేసి, తరువాత నల్లబడి రాలిపోతుంది. ఇంటికి వచ్చిన బంధువులు, పిల్లలు వినోదం కొరకు అగ్గిపుల్లతో పొడిచి మూయించినచో మొక్క శక్తి వృథా అవుతుంది. ఒకటి రెండు బోనులు నల్లబడి, నడుమ నుండి కొత్తవి వస్తున్నచో ఆందోళన అవసరం లేదు. నల్లబడినవాటిని కత్తిరించివేయాలి. మొక్క నడుమభాగమే మెత్తబడి నల్లగా మారినచో అది వేరుకుళ్ళు.

కోడిమాంసం, రొయ్యలు, గ్రుడ్డు, పాలు, అన్నం తినిపించరాదు. వాటిలోని కొవ్వు, ఉప్పు జీర్ణం కాక బోను కుళ్ళిపోతుంది. బోను పరిమాణంలో మూడోవంతుకు మించని పురుగు తగినది. చచ్చిన పురుగును వేస్తే బోను మూసుకున్నా కదలిక లేనందున మరల తెరుచుకొంటుంది. అటువంటప్పుడు బోను బయటివైపు మృదువుగా నొక్కుతూ ఉండాలి. ఆరుబయట ఉంచిన మొక్కకు ఆహారం పెట్టవలసిన పనిలేదు. నెలల తరబడి పురుగు దొరకకపోయినా అది చావదు. నెమ్మదిగా పెరుగుతుంది, అంతే.

శీతాకాల విశ్రాంతి

డయోనియా అమెరికాలోని ఉత్తర కరొలినా, దక్షిణ కరొలినా రాష్ట్రాల తీరపు బురదనేలలకు చెందినది. అక్కడ చలికాలంలో మూడు నాలుగు నెలలు ఇది విశ్రాంతి తీసుకొంటుంది. శ్రీకాకుళం తీరంలో ఆ చలి ఉండదు. ఫలితంగా మొక్క మొదటి ఏడాది బాగుండి, రెండవ ఏటనో, మూడవ ఏటనో చిక్కి చనిపోతుంది. పెంచేవారికి కారణం అంతుబట్టదు.

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, నవంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు మొక్కను ఇంటి బయట ఉత్తరదిక్కున, రాత్రి చలి తగిలే చోట ఉంచి, నీరు తగ్గించడం. రెండవది, ఆకులు కత్తిరించి, వేళ్ళచుట్టూ తడి నాచు చుట్టి, రంధ్రాలున్న సంచిలో ఫ్రిజ్‌లోని క్రింది అరలో రెండు మూడు నెలలు ఉంచడం. రెండు వారాలకొకమారు తీసి బూజు పట్టినదేమో చూడాలి. ఫ్రీజర్‌లో ఉంచరాదు. బలహీనమైన మొక్కకు వేసవి మొదట్లో పూకాడ వచ్చినచో చిన్నదిగా ఉన్నప్పుడే తుంచివేయడం మంచిది. ఇంత శ్రమ వద్దనుకునేవారు ఈ తీరానికి సరిపడే నెపంథిస్‌నో, ఉష్ణమండల డ్రాసిరానో ఎంచుకొనుట తెలివైన పని.

వేసవి, తుఫానుల వలన కలిగే సమస్యలు

ఏప్రిల్, మే నెలలలో నల్లని ప్లాస్టిక్ కుండీ ఎండకు కాగి, పళ్ళెంలోని నీరు వేడెక్కి వేళ్ళు ఉడికిపోతాయి. కుండీని తెల్లని డబ్బాలో దించడం, మధ్యాహ్నపు ఎండకు నీడవల కట్టడం, సాయంత్రం పైనుండి చల్లని నీరు పోయడం ఇందుకు ఉపాయాలు.

ఈ తీరం తుఫానులకు పెట్టింది పేరు. 2013 అక్టోబరు 12న పై-లిన్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను తీవ్రంగా దెబ్బతీశాయి. తిత్లీ తరువాత వేలాది కుటుంబాలు ఏళ్ళ తరబడి పెంచిన చెట్లను కోల్పోయాయి. కుండీమొక్క విషయంలో ఈ ప్రాంతవాసులకు ఉన్న సౌలభ్యం, దానిని ముందుగానే ఇంటిలోనికి తెచ్చుకొనగలగడం మాత్రమే. తుఫాను గాలి సముద్రపు ఉప్పుతుంపరలను చాలాదూరం మోసుకొని వస్తుంది. బయట ఉండిపోయిన మొక్కలను గాలి తగ్గగానే స్వచ్ఛమైన నీటితో ఆకులు, మట్టి కూడా తడిసి కారిపోయేటట్లు కడగాలి. పళ్ళెంలోని నీరు పారబోయాలి. ఆ సమయంలో పట్టిన వాననీటిని కొలవకుండా వాడరాదు.

చీడపీడలు

కీటకాలను తినే మొక్కకు కీటకాల బెడద ఉండదనుకొనుట పొరపాటు. బోనుకు చిక్కని చిన్న పురుగులు ఆకుల అడుగున, లేత చిగుళ్ళలో చేరి రసం పీల్చుతాయి.
* పేనుబంక: కొత్త ఆకులు వంకరగా వస్తాయి. డయోనియా, డ్రాసిరా కుండీలను ఒకటి రెండు రోజులు పూర్తిగా స్వచ్ఛమైన నీటిలో ముంచి ఉంచినచో పురుగులు చనిపోతాయి.
* పిండినల్లి: నెపంథిస్ ఆకుల మొదళ్ళలో తెల్లని దూదివలె కనిపిస్తుంది. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి తుడవాలి.
* ఎర్రనల్లి: పొడివాతావరణంలో ఆకులపై సన్నని చుక్కలుగా తెలుస్తుంది. నీటితుంపరలతో తేమ పెంచాలి.
* తెల్లదోమ: 2016లో దేశంలో ప్రవేశించినట్లు గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ కోస్తా కొబ్బరితోటలకు పెద్ద బెడద. కొబ్బరాకుల నుండి రాలే తియ్యని జిగురు క్రింది మొక్కలపై పడి, దానిపై నల్లని మసి పెరుగుతుంది. తెగులు ఉన్న చెట్టుక్రింద కుండీలు ఉంచరాదు.
* బూజు: గాలి ఆడని చోట, కుళ్ళిన పురుగులపైన వస్తుంది. చచ్చిన ఆకులు తీసివేసి గాలి తగలనివ్వాలి.

సబ్బునీరు, నూనె మందులు డ్రాసిరా జిగురు గ్రంథులను పాడుచేస్తాయి. తప్పనిసరియైనచో ముందుగా ఒక ఆకుపై పరీక్షించాలి. దోమల మందు పిచికారీ చేసే గదిలో ఈ మొక్కలను ఉంచరాదు.

పళ్ళెంలోని నీరు - దోమలు

కుండీల క్రింద నీటి పళ్ళాలు దోమలు గ్రుడ్లు పెట్టుటకు అనువైన స్థలాలు. డెంగీని వ్యాపింపజేసే దోమ ఇటువంటి కొద్దిపాటి నిలవనీటిలోనే పెరుగుతుంది. గ్రుడ్డు నుండి దోమగా మారుటకు సుమారు ఎనిమిది నుండి పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకమారు తప్పనిసరిగా పళ్ళెంలోని నీరు పారబోసి, అంచులు రుద్ది కడిగి, కొత్తనీరు పోయాలి. యుట్రిక్యులేరియా దోమపిల్లలను తినే మాట నిజమే అయినా, దానిపై ఆధారపడి ఈ శుభ్రతను మానరాదు.

లక్షణాన్ని బట్టి కారణం గుర్తించుట

* ఆకుకొసలు మాడి, మట్టిపై తెల్లపొర: నీటిలో గాని మట్టిలో గాని లవణాలు. మట్టి మార్చి, వాననీరు వాడాలి.
* డ్రాసిరాకు జిగురు లేకపోవుట: వెలుతురు లేదా తేమ చాలదు.
* నెపంథిస్‌కు పెద్ద ఆకులు వచ్చి కూజాలు లేకపోవుట: వెలుతురు తక్కువ లేదా ఎరువు పడినది.
* ఒకటి రెండు పాత బోనులు నల్లబడుట: సహజం.
* నడుమభాగం మెత్తబడి నల్లబడుట: వేరుకుళ్ళు. కుళ్ళినభాగం తీసి కొత్త మిశ్రమంలో నాటాలి.
* కొత్త ఆకులు ముడుచుకొని వంకరగా వచ్చుట: పేనుబంక.
* డయోనియా రెండవ ఏట చిక్కిపోవుట: చలికాలపు విశ్రాంతి లోపం.
* ఆకులపై నల్లమసి: పైచెట్టు నుండి తెల్లదోమ జిగురు.
* స్థానిక డ్రాసిరా వేసవిలో ఎండిపోవుట: జబ్బు కాదు, దాని ఆయుర్దాయం అంతే. విత్తనాలు సేకరించి వర్షాకాలం తరువాత మట్టిపై చల్లి, పైన కప్పకుండా తడిగా ఉంచితే మరల మొలుస్తాయి.

అపోహలు

ఈ మొక్కలు ఇంటిలోని ఈగలను, దోమలను లేకుండా చేస్తాయనుకొనుట సరికాదు. ఒక మొక్క నెలకు కొన్ని పురుగులను మాత్రమే పట్టగలదు. పిల్లల వేళ్ళు బోనులో పడితే ప్రమాదమన్నది కూడా అపోహయే. బోను మూసుకొనుట చక్కిలిగింతవలె ఉంటుందే గాని గాయపరచదు. మనుషులను తినే చెట్ల కథలకు శాస్త్రీయ ఆధారం ఏదీ లేదు.

సంరక్షణ

నెపంథిస్ జాతులన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం క్రిందకు వస్తాయి. మేఘాలయకు చెందిన నెపంథిస్ ఖాసియానా అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. అడవినుండి తవ్వి తెచ్చిన మొక్కను కొనరాదు. నర్సరీలో విత్తనం, కొమ్మ లేదా కణజాల వర్ధనం ద్వారా పెంచినదానినే ఎంచుకొనాలి.

స్థానిక డ్రాసిరాలను పొలంగట్ల నుండి పెరికి తెచ్చి కుండీలో నాటడం వలన ప్రయోజనం లేదు. వాటి వేళ్ళు అతి సున్నితమైనవి. పైగా ఏడాదితో ముగిసే మొక్కను పూయకముందే పెరికినచో ఆ చోట మరుసటి ఏడాదికి విత్తనం మిగలదు. అంతకుమించి ఈ మొక్కలకు ప్రమాదం వాటి నేలలు మారిపోవడం వలన కలుగుతున్నది. నీరు నిలిచే పల్లాలను పూడ్చడం, చెరువులలో ఎరువుల నీరు చేరడం, ఉప్పునీటి చెరువుల తవ్వకం వంటివి సారంలేని తడినేలలను క్రమంగా లేకుండా చేస్తాయి. చిత్తడినేలను పనికిరాని భూమిగా లెక్కగట్టుట సరికాదని ఈ జిల్లా ప్రజలు గతంలో గట్టిగానే చెప్పారు. సోంపేట సమీపంలోని బీలభూములలో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకిస్తూ 2010 జూలై 14న జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. అనంతరం ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి ఏటా వచ్చే విదేశీ పక్షులకు ఆహారాన్నిచ్చేది కూడా ఇటువంటి తడినేలలే.

పాఠశాలల వారు వర్షాకాలం తరువాత విద్యార్థులను చెరువుగట్లకు తీసుకువెళ్ళి, మొక్కలను పెరకకుండా, భూతద్దంతో డ్రాసిరా ఆకులను, యుట్రిక్యులేరియా తిత్తులను చూపించవచ్చు. ఎక్కడ, ఏ నెలలో, ఎన్ని మొక్కలు కనిపించినవో ఏటేటా వ్రాసి ఉంచినచో అది ఆ ఊరి నేల ఎట్లున్నదో తెలిపే విలువైన దాఖలా అవుతుంది.

ఇవి కూడా చూడండి

* నెపంథిస్
* డ్రాసిరా
* యుట్రిక్యులేరియా
* వీనస్ ఫ్లైట్రాప్
* ఉద్దానం
* తేలినీలాపురం
* తిత్లీ తుఫాను
* కొబ్బరి